మల్లుదొరని ఎవుడూ కార్డు అడగలేదు

తమ్ముళ్ళూ, చెల్లెమ్మలూ, ఇయ్యాల ఓ మనిషి గురించి చెప్తాను. ఆయన పేరు సర్కారు పుస్తకాల్లోకి రెండుసార్లు ఎక్కింది. మొదటిసారి పోలీసోళ్ళ పుస్తకంలోకి, పట్టుకోవాల్సిన తిరుగుబాటుదారుడని. రెండోసారి పార్లమెంటు పుస్తకంలోకి, విశాఖపట్నం ఎంపీ అని. ఈ రెండిటికీ మధ్యన ఉరిశిక్ష ఉంది, అండమాన్ ఉంది. ఆయన గాం మల్లుదొర.

అల్లూరి సీతారామరాజు పేరు తెలీనోడు మన దగ్గర ఉండడు. బొమ్మ లేని సెంటరుండదు. ఆ కథలో గంటందొర, మల్లుదొర అని అన్నదమ్ముల పేర్లు కూడా వినిపిస్తాయి. రాజు చనిపోగానే మనం కథ అయిపోయిందని లేచిపోతాం. కానీ మల్లుదొర కథ అక్కడ అవలేదు. ఇంకా 45 ఏళ్ళు నడిచింది. ఆ మిగిలిన కథ మనకి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడెందుకంటారా? ఓటు వెయ్యాలంటే ఏ కార్డు చూపించాలి, ఓటరు జాబితాలో పేరుండాలంటే ఏ కాయితం తేవాలి అని దేశమంతా గొడవ నడుస్తోంది. టీవీల్లో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు కూచుని అరుచుకుంటన్నారు. మన ఏజెన్సీ కుర్రోళ్ళు, గాజువాకలోనో పరవాడలోనో కూలికి దిగిన కుర్రోళ్ళు ఆ అరుపులు ఫోన్లో చూసి పక్కకి తోసేస్తన్నారు. అది మన గొడవే అని చెప్పడానికి నాకు మల్లుదొర కన్నా మంచి మనిషి దొరకలేదు.

కాయితం లేని నేల

మల్లుదొర పుట్టిన మన్యంలో నేల ఉండీది, నేల మీద కాయితం ఉండీది కాదు. కొండవాలులో చెట్టు కొట్టి, కాల్చి, విత్తనాలు చల్లుకునీ పోడు సేద్యం. ఏ కొండ ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. రాసుకోవాల్సిన పని లేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి సర్కారుదైపోయింది. నిన్నటిదాకా సేద్యం అనుకున్నది తెల్లారేసరికి దొంగతనం అయింది. మీ దగ్గర కాయితం లేదు కాబట్టి మీది కాదు అన్నమాట మన కొండల్లో అలగ మొదలైంది. ఇయ్యాల వింటన్న మాట కొత్తదేం కాదు.

గాం వారిది బట్టిపనుకుల. అన్న గంటందొర ఆ ఊరి మునసబు. మునసబంటే ఊరికీ సర్కారుకీ మధ్యన ఉండీ మనిషి. శిస్తు వసూలు చేసీది ఆయన, ఊళ్ళో ఎవరు ఎవరో తాసిల్దారుకి చెప్పీది ఆయన. అంటే ఆ రోజుల్లో ఊరి మొత్తానికీ గుర్తింపు కార్డు ఆయన నోరే.

గూడెంలో బాస్టియన్ అని డిప్యూటీ తాసిల్దారు ఉండీవోడు. నర్సీపట్నం నుంచి కొండ మీదికి రోడ్డు వేయించే పనిలో మన్యం జనాన్ని గొడ్ల కన్నా హీనంగా వాడుకున్నాడు. ఇస్తానన్న కూలి ఇవ్వలేదు. ఎదురు తిరిగినోళ్ళని కొట్టించాడు. గంటందొరకీ ఆయనకీ చెడింది. బాస్టియన్ గంటందొర మునసబు పదవి పీకించాడు, భూమి పోగొట్టాడు. సర్కారు ఇచ్చిన గుర్తింపుని సర్కారు గుమాస్తా ఒక్క సంతకంతో తీసెయ్యగలడని గాం అన్నదమ్ములకి అప్పుడే తెలిసింది.

అన్నదమ్ములిద్దరూ రాజుతో కలిశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. ఎత్తుకెళ్ళిన తుపాకులు, తూటాలు ఎన్నో స్టేషన్ పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టాడని మనోళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. దొంగలా కాకుండా లెక్క రాసి మరీ తీసుకున్నాడన్నమాట. సర్కారు పుస్తకంలో మన్యం మనుషులు తమంతట తాము రాయించుకున్న మొదటి లెక్క అదేనేమో అని నాకనిపిస్తాది.

సర్కారుకి మనిషి కావాలంటే

ఆ తర్వాత సర్కారు ఏం చేసిందో చూడండి. మలబార్ స్పెషల్ పోలీసుని దింపింది. అస్సాం రైఫిల్స్‌ని తెచ్చింది. రాజు తలకి 10,000 రూపాయలు బహుమానం కట్టింది. ఊరూరా తిరిగి ఎవడు ఎవడికి ఏమవుతాడు, ఎవడి పెళ్ళాం ఏ ఊరిది, ఎవడి ఇంట్లో ఎవడు అన్నం తిన్నాడు అని కూపీ లాగింది. అంతవరకూ ఈ మనుషుల పేర్లు రాసుకోడానికి తీరిక లేని సర్కారుకి ఒక్కసారిగా అందరి పేర్లూ తెలిసిపోయాయి.

1923 సెప్టెంబరులో మల్లుదొర దొరికిపోయాడు. కోర్టు ఉరిశిక్ష వేసింది. తర్వాత ఆ శిక్షని ద్వీపాంతరంగా మార్చారు. ద్వీపాంతరమంటే అండమాన్. కొండ దిగి సముద్రం చూడ్డమే అరుదైన మనిషిని సముద్రం దాటించారు. ఆయన జైల్లో ఉండగానే 1924 మే 7న రాజుని కాల్చి చంపారు. ఆ మరుసటి నెల అన్న గంటందొర కూడా పోయాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఉరిశిక్ష వేసేటప్పుడు ఆ సర్కారు మల్లుదొరని జనన ధ్రువీకరణ పత్రం అడిగిందా? నువ్వు ఫలానా మల్లుదొరవే అనడానికి రెండు కాయితాలు తెమ్మందా? లేదు. ఆ పని తనే చేసుకుంది. మనుషుల్ని పెట్టి, డబ్బులు పెట్టి, సాక్షుల్ని పిలిచి, నువ్వే వాడివని రుజువు చేసే బరువు తన మీద వేసుకుంది. శిక్ష వెయ్యడానికి సర్కారు ఇంత కష్టపడగలిగినప్పుడు ఓటు ఇవ్వడానికి ఎందుకు పడలేదు? నా మాటంతా ఇదే. కింద చెప్పీదంతా దీని చుట్టూనే.

జాబితా ఎలగ పుట్టింది

మల్లుదొర ఏళ్ళ తరబడి శిక్ష అనుభవించి బయటికొచ్చాడు. అప్పటి ఎన్నికల్లో ఓటు అందరికీ లేదు. ఆస్తి ఉండాలి, పన్ను కట్టాలి, లేదా చదువుండాలి. 1935 చట్టం కింద జరిగిన ఎన్నికల్లో కూడా జనాభాలో పదోవంతుకి కాస్త అటూ ఇటూ ఓటొచ్చింది, అంతే. పోడు చేసుకునీ మనిషికి అందులో చోటెక్కడిది? ఆస్తి కాయితమే ఓటు కార్డన్నమాట.

స్వాతంత్య్రం వచ్చాక ఆ గోడ పడగొట్టారు. రాజ్యాంగంలో 326వ అధికరణం పెద్దోళ్ళందరికీ ఓటంది. అప్పటికి వయసు 21. మరి జాబితా ఎలగ తయారు చెయ్యాలి? 1951 జనగణనలో చదవను, రాయను వచ్చినోళ్ళు 100కి 18 మంది. చాలామందికి పుట్టిన తేదీ తెలీదు. కాయితాలు తెస్తేనే పేరు రాస్తామనుంటే దేశంలో సగం మంది బయటే ఉండిపోదురు.

అలగ చెయ్యలేదు. రాజ్యాంగం పూర్తికాకముందే, 1948 నుంచే, సర్కారు మనుషులు ఇంటింటికీ తిరిగి పేర్లు రాయడం మొదలెట్టారు. దేశం రెండు ముక్కలై లక్షల మంది కాందిశీకులు వచ్చి శిబిరాల్లో పడున్నారు. ఆళ్ళ దగ్గర ఇల్లే లేదు, ఇంక కాయితమెక్కడిది? ఈ ఊళ్ళో స్థిరంగా ఉండిపోతానని ఒక మాట రాసిస్తే చాలు, పేరు ఎక్కించండి అన్నారు. పక్కింట్లోనే ప్రాణాలు తీసుకున్న రోజులవి. అనుమానించడానికి ఇప్పటికన్నా వంద రెట్లు కారణాలున్నాయి. అయినా మనిషి మాట నమ్మారు.

మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్. లెక్కల్లో దిట్ట. 1950 మార్చిలో ఆ కుర్చీలో కూచున్నాడు. 17 కోట్ల పైచిలుకు పేర్లతో జాబితా తయారైంది. అందులో ఓ పెద్ద చిక్కొచ్చింది. ఉత్తరాదిన చాలామంది ఆడోళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి పెళ్ళాం, ఫలానావాడి తల్లి అని రాయించుకున్నారు. సొంత పేరు లేకపోతే కుదరదని సేన్ పట్టుబట్టాడు. పేరు చెప్పడానికి గడువు ఇచ్చినా సుమారు 28 లక్షల మంది ఆడోళ్ళ పేర్లు చివరికి జాబితాలోంచి పోయాయి. ఆడమనిషికి సొంత పేరుండాలన్నది మంచి మాటే. ఆ మంచి మాటకి 28 లక్షల ఓట్లు బలైపోయాయన్నది కూడా నిజమే. రెండూ గుర్తుపెట్టుకోవాలి. జాబితా శుభ్రం చేస్తామన్నప్పుడల్లా, శుభ్రంతో పాటు ఎవరు కొట్టుకుపోతారో చూడాలి.

ఓటేసే చోట ఏర్పాటు కూడా చదువు రానోళ్ళని దృష్టిలో పెట్టుకునే చేశారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు. రూపాయి నోటంత కాయితం చేతికిస్తారు. గీత గీయక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావడమే. మళ్ళీ రాకుండా ఎడమ చేతి చూపుడు వేలికి చెరగని సిరా. పేరు చెప్తే జాబితాలో చూస్తారు, ఏజెంటు మనిషిని చూస్తాడు, వేలు చూస్తారు. ఫోటో కార్డు అనేదే లేదు.

1952: కొండ దిగిన ఓటు

ఆ ఎన్నికల్లో విశాఖపట్నం లోక్‌సభ స్థానానికి ఇద్దరు సభ్యులు. ఒకటి జనరల్, ఒకటి షెడ్యూల్డ్ తెగలకి. ఓటరుకి రెండు ఓట్లు. ఓడరేవు కళాసీ, చోడవరం చెరకు రైతు, చింతపల్లి కొండమనిషి అందరూ ఒక్క లెక్కలోనే. గెలిచిందెవరు? జనరల్‌లో లంకా సుందరం, ఇండిపెండెంట్. ఎస్టీ స్థానంలో గాం మల్లుదొర, ఆయనా ఇండిపెండెంటే. స్వాతంత్య్రం తెచ్చిన పార్టీ దేశమంతా ఊపేస్తన్న రోజుల్లో మన విశాఖ ఆ పార్టీని రెండు చోట్లా కాదంది.

1922లో పోలీసు స్టేషన్ మీద పడిన మనిషి 1952లో ఢిల్లీ పార్లమెంటులో కూచున్నాడు. ముప్పై ఏళ్ళు. తుపాకీతో రాని గుర్తింపు వేలి మీద సిరాతో వచ్చింది. ఆయనకి ఓటేసిన కొండ జనంలో ఎంతమందికి ఇల్లు తమదేనని చెప్పీ కాయితం ఉండుంటాది? ఎంతమందికి పుట్టిన తేదీ తెలిసుంటాది? మల్లుదొర పేరే చూడండి. ఒక పుస్తకంలో గాం, ఒకదాంట్లో గామ్, ఇంకోదాంట్లో గాము. ఒకచోట మల్లుదొర కలిపి, ఒకచోట మల్లు దొర విడదీసి. ఇంగ్లీషులో ఇంకెన్ని రకాలో. ఇప్పటి కంప్యూటరుకి ఇస్తే ఈ ముగ్గురూ వేరే మనుషులని తేల్చీసును. ఓటరు జాబితాలో గాము, రేషన్ కార్డులో గామ్, ఆధార్‌లో ఇంటిపేరే లేదు. ఇది మన ఏజెన్సీలో ఇంటింటి కథ కాదేటి?

మల్లుదొర 1957 దాకా ఎంపీగా ఉన్నాడు. 1969లో కన్నుమూశాడు. ఆయన పోయేనాటికి దేశంలో నాలుగు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఒక్కదాంట్లో కూడా ఓటరుని కార్డు అడగలేదు.

కార్డు ఎలగ వచ్చింది

అలాగని దొంగ ఓట్లు లేవని నేను అన్ను. ఉన్నాయి. చచ్చిపోయినోళ్ళు వచ్చి ఓటేసి పోయిన ఊళ్ళు మనకి తెలుసు. దళితవాడ ఓట్లన్నీ ఆసామీ మనుషులే గుద్దీసిన రోజులూ తెలుసు. పేదోడి ఓటుని పెద్దోడు దొంగిలించడం కూడా ఓటు పోగొట్టడమే. కార్డు కావాలనీవోళ్ళ మాటలో ఆ నిజముంది. దాన్ని మనం కొట్టిపారెయ్యకూడదు.

1960లో కలకత్తాలో ఓ ఉప ఎన్నికకి ఫోటో కార్డులు ఇచ్చి చూశారు, సాగలేదు. 1993లో శేషన్ ఎన్నికల కమిషనరుగా ఉన్నప్పుడు ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చి దేశమంతటికీ ఫోటో గుర్తింపు కార్డు తెచ్చారు. ఫోటో తీసీది సర్కారే, కార్డు ఇచ్చీది సర్కారే, డబ్బు పెట్టీది సర్కారే. ఆ పద్ధతిలో తప్పు లేదు. పైగా కార్డు లేనోడికి కూడా దారి ఉంచారు. 2024 ఎన్నికల్లో ఓటరు కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుబుక్కు, పింఛను పత్రం, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, దివ్యాంగుల కార్డు ఇలగ పన్నెండు రకాల్లో ఏదో ఒకటి చూపించి ఓటెయ్యొచ్చన్నారు. కార్డులో చిన్న అక్షర దోషం ఉంటే, మనిషి ఎవరో తెలుస్తుంటే, వెనక్కి పంపకూడదు.

అయితే కార్డే కాపలా అనుకునీవోళ్ళకి ఓ సంగతి. 2021 తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో దొంగ ఓట్లు పడ్డాయని గొడవైంది. ఓ అధికారి లాగిన్ వాడి వేలకొద్దీ ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న ఆరోపణ మీద 2024లో సస్పెన్షన్లు కూడా జరిగాయి. దొంగ లోపల ఉంటే తాళం ఎంత పెద్దదైతే ఏటి?

అసలు గొడవ బూత్ దగ్గర లేదు

ఇప్పుడు జరుగుతున్న గొడవ కార్డు చూపించడం గురించే అనుకుంటే మోసపోతాం. కార్డు జేబులో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. దెబ్బ పడుతున్నది జాబితా మీద.

పక్క రాష్ట్రంలో చూశాం. 2015లో ఓటరు జాబితాని ఆధార్‌తో కలిపే పని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జోరుగా నడిచింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక ఆగింది. 2018 డిసెంబరులో తెలంగాణ పోలింగ్ రోజున జనం కార్డులు పట్టుకుని వెళ్తే జాబితాలో పేర్లు లేవు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరు కూడా లేదు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పాడు. క్షమాపణ వల్ల ఆ రోజు ఓటు తిరిగి రాదు కదా.

2019 ఎన్నికల ముందు మన ఆంధ్రలో ఫారం 7 గొడవ. ఫలానావాడి పేరు తీసెయ్యండి అని పెట్టుకునే దరఖాస్తు అది. లక్షల్లో ఆన్‌లైన్‌లో వచ్చి పడ్డాయి. ఎవరి పేరు మీద దరఖాస్తు పెట్టారో ఆళ్ళకే తెలీని కేసులు బయటపడ్డాయి. పోలీసు కేసులు కట్టారు.

2025లో బీహార్. జూన్‌లో ప్రత్యేక సవరణ అన్నారు. 2003 జాబితాలో లేనివాళ్ళు 11 రకాల కాయితాల్లో ఏదో ఒకటి తేవాలన్నారు. ఆ పదకొండులో ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు, ఎన్నికల సంఘం తనే ఇచ్చిన ఓటరు కార్డు కూడా లేదు. ఆగస్టు 1న ముసాయిదా వచ్చేసరికి 65 లక్షల పేర్లు పోయాయి. అందులో చచ్చిపోయినోళ్ళు, ఊరొదిలి పోయినోళ్ళు, రెండుచోట్ల ఉన్నోళ్ళు ఉన్నారని సంఘం చెప్పింది. నిజంగా ఉండుంటారు. కానీ ఆ పేర్లేవో, ఎందుకు తీశారో జనానికి చెప్పమని సుప్రీంకోర్టు అనాల్సి వచ్చింది. ఆధార్‌ని పన్నెండో కాయితంగా తీసుకోమని సెప్టెంబరులో మళ్ళీ కోర్టే చెప్పింది.

తేడా చూశారా? 1948లో సర్కారు మనిషి ఇంటికొచ్చి పేరు రాసుకున్నాడు. ఇప్పుడు మనిషి కాయితాలు పట్టుకుని సర్కారు దగ్గరికి పరిగెట్టాలి. బరువు అటు నుంచి ఇటు మారిపోయింది. 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, ఒకసారి జాబితాలో పేరున్న మనిషి పౌరుడేనని అనుకోవాలి, కాదన్నోడే రుజువు చెయ్యాలి. బూత్‌లో ఛాలెంజ్ ఓటు కూడా అంతే. ఈయన ఆయన కాదు అని ఏజెంటు అభ్యంతరం పెడితే, 2 రూపాయలు కట్టి ఆ ఏజెంటే తన మాట నిలబెట్టుకోవాలి. ఓటరు కాదు. చట్టం మనసు అలగుండీది.

ఇంగ్లండులో కూడా 2023 మే స్థానిక ఎన్నికల నుంచి ఫోటో కార్డు తప్పనిసరి చేశారు. ఆ మొదటిసారే సుమారు 14,000 మంది కార్డు లేక వెనక్కెళ్ళి మళ్ళీ రాలేదని ఆళ్ళ ఎన్నికల సంఘమే లెక్క తేల్చింది. చదువున్న దేశంలోనే అలగుంటే, చింతపల్లి కొండ మీద ఎలగుంటాది?

విశాఖోళ్ళకి కార్డు విలువ కొత్తగా చెప్పాలా? స్టీల్ ప్లాంటుకి 60కి పైగా ఊళ్ళు భూములిచ్చాయి. నిర్వాసితులకి ఆర్ కార్డులిచ్చారు, ఇంటికో ఉద్యోగం అన్నారు. ఆ కార్డు పెట్టెలో దాచుకుని ముసలోళ్ళైపోయినోళ్ళు గాజువాక చుట్టుపక్కల ఇప్పటికీ వేలల్లో ఉన్నారు. ఆళ్ళకి కార్డుంది, హక్కు రాలేదు. మల్లుదొరకి ఓటేసినోళ్ళకి కార్డు లేదు, హక్కు ఉంది. హక్కుని కాయితంతో తూచకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఊరి సాక్ష్యం

మరి దొంగ ఓటుని ఎలగ ఆపాలి? దారి మన చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాకి దరఖాస్తు పెట్టినప్పుడు, కాయితం లేకపోతే ఊరి పెద్దల వాంగ్మూలాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని నిబంధనలున్నాయి. గ్రామసభ కూచుని తేలుస్తాది. భూమికి ఊరి మాట చెల్లినప్పుడు ఓటుకి ఎందుకు చెల్లదు? ముసాయిదా జాబితా గ్రామసభలో గట్టిగా చదవండి. చచ్చిపోయినోళ్ళు ఎవరో, వలస పోయినోళ్ళు ఎవరో, ఎవరు ఏ పేరుతో ఉన్నారో ఊరే చెప్తాది. దొంగ పేరు అక్కడే దొరికిపోద్ది. నిజమైన పేరు అక్కడే నిలబడద్ది. ఏ పేరు తీసినా ముందు నోటీసు ఇచ్చి, ఇంటికొచ్చి అడిగి, కారణం రాసి తియ్యాలి. కార్డు కావాలంటే సర్కారే కొండెక్కి వచ్చి ఇవ్వాలి.

అది సాధించుకునీదాకా మనం చెయ్యాల్సిన పని మనం చేద్దాం. 18 నిండిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు జనవరి దాకా ఆగక్కర్లేదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కే. కొత్త పేరుకి ఫారం 6, తప్పు దిద్దడానికి, చిరునామా మార్చడానికి ఫారం 8. మీ ఊరి బీఎల్వో ఎవరో తెలుసుకోండి. అనుమానముంటే 1950కి ఫోన్ చెయ్యండి. పనికోసం గాజువాక వచ్చినోళ్ళు ఊళ్ళో పేరుందో లేదో ఎన్నికల రోజున కాదు, ఈ వారమే ఫోన్లో చూసుకోండి. మీ పేరు ఒక్కటే కాదు, ఫోన్ లేని అమ్మ పేరు, తాత పేరు, పక్కింటి ముసలమ్మ పేరు కూడా చూడండి. మీ ఓటు ముందే ఎవరో వేసీసి ఉంటే తల దించుకుని వచ్చీకండి. టెండరు ఓటు ఇమ్మని అడగండి, అది మీ హక్కు.

ఇప్పుడు మల్లుదొర కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి, అరకు వేరే లోక్‌సభ స్థానం అయింది. జిల్లాకి రాజు పేరు పెట్టాం, మంచిదే. ఆ జిల్లాలో, ఆ రాజు వెనక నడిచిన మనుషుల మనవలూ మునిమనవలూ ఓటరు జాబితాలో ఉన్నారో లేదో చూసుకోవడం మాత్రం మన పని. ఈసారి సంతకి వెళ్ళినప్పుడు నలుగుర్నీ కూచోబెట్టి మీ ఊరి జాబితా ఫోన్లో తెరిచి పైకి చదవండి. ఎవరి పేరు లేదో అక్కడే తెలిసిపోద్ది.